పిల్లలతో హిమాలయాల్లో పది రోజులు: తీర్థన్ లోయలో వేసవి సెలవులు గడపడం ఎలా

మే నెలలో మా విజయవాడలో పొద్దున ఎనిమిది దాటితే పిల్లల్ని బయటికి పంపలేం. సాయంత్రం ఆరయ్యాకే మళ్లీ తలుపు తీసేది. ఏడాదంతా బడి, ట్యూషన్, సెలవుల్లోనేమో ఏసీ గదిలో ఫోను. అందుకే నాలుగేళ్ల కిందట మేమూ అందరిలాగే ఒక ప్యాకేజీ టూరు కట్టుకుని సిమ్లా, కులూ, మనాలి వెళ్లాం. ఆరు రోజుల్లో మూడు ఊళ్లు, రోజుకో హోటలు. తిరిగొచ్చాక లెక్క వేసుకుంటే కారులో కూర్చున్న గంటలే నలభై దాటాయి. పిల్లలు హిమాలయాలను కిటికీ అద్దంలోంచి చూశారు, అంతే. మా అబ్బాయిని ఏం చూశావని అడిగితే హోటల్లోని లిఫ్టు గురించి చెప్పాడు. అది విని నాకు నిజంగా బాధేసింది.

తర్వాతి వేసవి నుంచి పద్ధతి మార్చాం. ఒకే లోయ, రెండే మకాంలు, పది రోజులు, రోజూ కాళ్లకు పని. అప్పుడు మా అమ్మాయికి 12 ఏళ్లు, అబ్బాయికి 7, అత్తయ్యకు 63. ముగ్గురూ నడిచారు. మేం ఎలా చేశామో, ఎక్కడ తప్పు చేశామో మొదటి నుంచి చెబుతాను. బాగా నడిచే, ఆడే పిల్లలున్న ఏ ఇంటికైనా ఇది పనికొస్తుంది.

ముందు లోయను ఎంచుకోండి

పిల్లలతో కొండలకు వెళ్లేటప్పుడు మొదట చూడాల్సింది ఫొటోలు కాదు, రాత్రి పడుకునే చోటు ఎత్తు. సముద్ర మట్టానికి 2,500 మీటర్లు దాటాక పడుకుంటే కొందరికి తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. విమానంలో నేరుగా లేహ్‌లో దిగితే అది 3,500 మీటర్ల ఎత్తు. రెండు రోజులు గదిలోనే ఉండాలి. ఏడేళ్ల పిల్లాణ్ని రెండు రోజులు గదిలో కూర్చోబెట్టడం ఎంత కష్టమో మీకు తెలుసు.

మేం ఎంచుకున్నది హిమాచల్ ప్రదేశ్ కులూ జిల్లాలోని తీర్థన్ లోయ. మండీ నుంచి మనాలి వెళ్లే దారిలో ఔట్ అనే ఊరు వస్తుంది. అక్కడ మనాలి వైపు పోకుండా పక్కకు తిరిగితే బంజార్. బంజార్ దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఒకటి తీర్థన్ నది వెంట గుశైణికి, రెండోది జిభి, శోజా మీదుగా జలోరి కనుమకు. గుశైణి దాదాపు 1,600 మీటర్లు, జిభి 1,800 పైచిలుకు, శోజా 2,600 దాటుతుంది, జలోరి 3,120. అంటే కింద పడుకుని, పగలు మాత్రం పైకి వెళ్లి రావచ్చు. ఒంటికి ఎత్తు మెల్లగా అలవాటవుతుంది. ఈ ఒక్క కారణానికే నేను మనాలి కంటే ఈ లోయకు ఓటేస్తాను.

గుశైణి పైనుంచే గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్ మొదలవుతుంది. 2014లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పార్కు లోపలికి బస్సులు, కార్లు పోవు. ఎంత దూరం వెళ్లాలన్నా నడకే. నడిచే కుటుంబానికి ఇంతకంటే ఏం కావాలి?

తేదీలు, టికెట్లు

మన రెండు రాష్ట్రాల్లో బడులకు సెలవులు ఏప్రిల్ చివరి వారంలో మొదలై జూన్ రెండో వారం దాకా ఉంటాయి. హిమాచల్‌లో వానలు జూన్ చివర్లో వస్తాయి. జూలై, ఆగస్టుల్లో కొండచరియలు విరిగిపడటం, ఉన్నట్టుండి వరదలు రావడం అక్కడ ఏటా చూస్తున్నదే. 2023 జూలైలో బియాస్ నది వరద కులూ, మనాలి రోడ్లను ఎలా తుడిచేసిందో టీవీలో అందరం చూశాం. అందుకే మే 12 నుంచి జూన్ 5 మధ్యలో వెళ్లి వచ్చేయండి. శని, ఆదివారాలు ఢిల్లీ, పంజాబ్ కార్లతో జలోరి దారి నిండిపోతుంది. దారి ఇరుకు, మలుపులు నిటారు. కనుమ మీదికి వెళ్లే రోజు సోమవారం నుంచి గురువారం లోపే పడేలా చూసుకోండి.

రైలు రిజర్వేషన్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటాయి. మే 15 ప్రయాణానికి మార్చి మధ్యలోనే సిద్ధంగా ఉండాలి. విజయవాడ నుంచైనా, విశాఖ నుంచైనా, హైదరాబాద్ నుంచైనా ఢిల్లీకి రైళ్లకు కొదవ లేదు. ఒక రోజు పైనే పడుతుంది. డబ్బు సర్దుకోగలిగితే వెళ్లేటప్పుడు విమానం, వచ్చేటప్పుడు రైలు పెట్టుకోండి. వెళ్లేటప్పుడు పిల్లల ఓపిక మిగలాలి. వచ్చేటప్పుడు వాళ్లు ఎలాగూ నిద్రపోతారు.

ఢిల్లీ నుంచి రాత్రి బస్సు ఎక్కితే తెల్లవారేసరికి ఔట్‌లో దింపుతుంది. పెద్దవాళ్లకు అది బాగానే ఉంటుంది. పిల్లలతో అయితే నేను వద్దంటాను. మొదటిసారి మేం అలాగే వెళ్లాం. మండీ దాటాక చీకట్లో మలుపుల మీద మలుపులు. ముందు అబ్బాయి, వాణ్ని చూసి అమ్మాయి, ఇద్దరూ వాంతులు చేసుకున్నారు. మరుసటి రోజంతా పడుకునే ఉన్నారు. ఇప్పుడు ఢిల్లీ నుంచి చండీగఢ్‌కు మూడున్నర గంటల రైలు, అక్కడ ఒక రాత్రి, పొద్దున ఆరింటికి టాక్సీ. బిలాస్‌పూర్, మండీ మీదుగా సాయంత్రంలోపు బంజార్ చేరతాం. ఒక రోజు ఎక్కువ పడుతుంది. ఆ రోజు వృథా కాదు, మైదానం కొండగా మారడం పిల్లలు కళ్లారా చూస్తారు.

వాంతుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పిల్లల డాక్టర్ని అడిగి, బరువును బట్టి మాత్ర రాయించుకోండి. ఘాట్ రోడ్డు మొదలయ్యే అరగంట ముందు వేయాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేస్తే పని చేయదు. ఎవరికి ఎక్కువ తిప్పుతుందో వాళ్లను కిటికీ పక్కన, వీలైనంత ముందు కూర్చోబెట్టాలి. ఫోను చేతికి ఇవ్వకూడదు, పుస్తకం కూడా వద్దు. ఖాళీ కడుపు, నిండు కడుపు రెండూ చెడ్డవే. మేం అల్లం మురబ్బా, ఉప్పు చల్లిన నిమ్మబద్దలు దగ్గర పెట్టుకుంటాం.

బస కోసం హోటల్ కంటే అక్కడి ఇళ్లవాళ్లు నడిపే హోమ్‌స్టే మంచిది. ఫోన్ చేసినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. రోడ్డు నుంచి ఇంటికి ఎంత నడవాలి? నదికీ ఇంటికీ మధ్య కంచె ఉందా? పిల్లలకు కారం లేకుండా వండుతారా? తీర్థన్‌లో కొన్ని ఇళ్లు నదికి అవతలి ఒడ్డున ఉంటాయి. ఫొటోలో బాగుంటాయి కానీ పెద్దవాళ్లు, సామాన్లతో ఇబ్బంది. కొన్నిచోట్ల తీగకు వేలాడే తొట్టెలో నది దాటాల్సి వస్తుంది.

రెండు నెలల ముందు నుంచి కాళ్లకు తర్ఫీదు

చాలామంది వదిలేసేది ఇదే. ప్రయాణం మొత్తం నిలబడేది మాత్రం దీని మీదే. పిల్లలకు ఊపిరి ఉంటుంది, ఓర్పు ఉండదు. పెద్దవాళ్లకు ఓర్పు ఉంటుంది, మోకాళ్లు ఉండవు. రెండింటికీ ఒకటే మందు, మెట్లు.

మార్చి మొదటి వారంలో అపార్ట్‌మెంట్ మెట్లతో మొదలుపెట్టాం. రోజూ సాయంత్రం ఐదంతస్తులు మూడుసార్లు. ఎక్కడం కంటే దిగడం ముఖ్యం. దిగేటప్పుడే తొడ కండరాల మీద, మోకాళ్ల మీద బరువు పడుతుంది, మరుసటి రోజు నొప్పి పుట్టేదీ దాంతోనే. కాబట్టి లిఫ్టులో దిగకండి. మూడో వారం నుంచి ప్రతి ఆదివారం ఒక కొండ. మంగళగిరి పానకాల స్వామి మెట్లు, కొండపల్లి ఖిల్లా, ఉండవల్లి. తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరి ఎనిమిదికల్లా ఇంట్లో ఉండాలి, ఎండ ముదిరితే పిల్లలకు కొండంటేనే విరక్తి పుడుతుంది. విశాఖవాళ్లకు సింహాచలం మెట్లు, కైలాసగిరి ఉన్నాయి. హైదరాబాద్‌వాళ్లకు గోల్కొండ ఉంది, ఒక రోజు దొరికితే వికారాబాద్ అనంతగిరి కూడా.

చివరి పరీక్ష తిరుమల. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు, అలిపిరి దారిలో 3,550. ఏప్రిల్‌లో శ్రీవారి మెట్టు ఎక్కాం. మావాడు ఆగకుండా మొదటి 500 మెట్లు పరిగెత్తి, తర్వాత ప్రతి ఇరవై మెట్లకూ కూర్చున్నాడు. అప్పుడు అత్తయ్య వాడికి నేర్పింది: పక్కనున్నవాళ్లతో మాట్లాడగలిగినంత నెమ్మదిగా నడవాలి, మాట తెగిపోతోందంటే వేగం ఎక్కువైనట్టే. జలోరిలో కూడా మేం అదే సూత్రం పాటించాం. గాలి పలచగా ఉన్నచోట ఇంతకంటే మంచి కొలత లేదు.

షూలు ఈ రెండు నెలల్లోనే కొనాలి. ప్రయాణానికి ముందు రోజు కొన్న షూ కొండ మీద బొబ్బలు తెస్తుంది. అడుగు భాగం లోతైన గాడులతో ఉండాలి, వేళ్ల ముందు ఒక వేలెడు ఖాళీ ఉండాలి. బయల్దేరే ముందు రోజు అందరి కాలి గోళ్లూ కత్తిరించండి. దిగేటప్పుడు గోరు షూకు తగిలి నల్లబడుతుంది, రెండు రోజుల్లో నడవలేని నొప్పి వస్తుంది.

దూరం లెక్క వేయడానికి కొండల్లో ఒక పాత పద్ధతి ఉంది. గంటకు 5 కి.మీ., దాని మీద ప్రతి 600 మీటర్ల ఎత్తుకూ ఇంకో గంట. అది బాగా నడిచే పెద్దవాళ్లకు. చిన్నపిల్లలుంటే వచ్చిన జవాబును రెట్టింపు చేయండి, దానికి తిండికి ఒక అరగంట కలపండి. మీ ఇంట్లో అందరికంటే చిన్నవాడు ఎంత నడవగలడో అదే ఆ రోజు మొత్తం కుటుంబం నడక.

సంచుల్లో ఏం పెట్టుకోవాలి

బట్టల గురించి ఎక్కువ చెప్పను. ఒక మందపాటి కోటు కంటే మూడు పలచటి పొరలు మేలు. లోపల చెమట త్వరగా ఆరే టీషర్టు, దాని మీద స్వెట్టర్, పైన గాలి, వాన ఆపే జాకెట్. జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు, బరువెక్కుతాయి. ప్రతి 1,000 మీటర్లకూ దాదాపు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి బంజార్‌లో 28 డిగ్రీలుంటే జలోరి మీద 17 దగ్గర ఉంటుంది, గాలి వీస్తే ఇంకా చలి. చలిగా ఉంది కదా అని ఎండను మరిచిపోకండి. ఎత్తు పెరిగేకొద్దీ ఎండలో చర్మాన్ని కాల్చే కిరణాలు పెరుగుతాయి. అంచు ఉన్న టోపీ, సన్‌స్క్రీన్, నల్లద్దాలు పిల్లలకు కూడా ఉండాలి.

ప్రతి పిల్లవాడి మెడలో ఒక ఈల వేయండి. దారి తప్పామనిపిస్తే కదలకుండా ఒక చెట్టును పట్టుకుని నిలబడి మూడుసార్లు ఊదాలి, కాసేపాగి మళ్లీ మూడుసార్లు. ఇంటి దగ్గర పార్కులో రెండుసార్లు ఆటలా ఆడించండి. భయపడిన క్షణంలో గుర్తొచ్చేది మాట కాదు, అలవాటు.

మందుల సంచిలో పారాసిటమాల్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, వాంతుల మాత్రలు, బొబ్బలకు టేపు, గాయాలకు ఆయింట్‌మెంట్, పెద్దవాళ్ల రోజువారీ మాత్రలు మూడు రోజులు ఎక్కువగానే పెట్టుకోండి. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందే డాక్టర్‌కు చూపించుకుని జలోరి ఎత్తు చెప్పి అనుమతి తీసుకోవాలి. డబ్బు విషయానికొస్తే బంజార్ దాటాక ఏటీఎం మీద ఆశ పెట్టుకోవద్దు. సిగ్నల్ లేనిచోట ఫోన్ చెల్లింపులు కూడా జరగవు.

ఇక తిండి. మే అంటే కొత్తావకాయ నెల. జాడీలోంచి ఒక చిన్న సీసా తీసి, మూతకు బిగుతుగా ప్లాస్టిక్ చుట్టి పెట్టుకోండి. కందిపొడి, కరివేపాకు పొడి, కాస్త నెయ్యి. హోమ్‌స్టేలో అన్నం, రాజ్మా, రొట్టె బాగా పెడతారు, కానీ నాలుగో రోజుకు పిల్లల నాలుక ఇంటిని అడుగుతుంది. దారిలో తినడానికి సున్నుండలు, పల్లీ చిక్కీ, ఖర్జూరాలు, అటుకుల మిక్చర్. నడిచే పిల్లలకు గంటకోసారి కొంచెం కొంచెం పెట్టాలి. ఆకలని వాళ్లు చెప్పరు, అలుగుతారు. మా ఇంట్లో కొండ మీద జరిగిన గొడవలన్నీ ఒక సున్నుండతో ఆగినవే.

చేరాక: మొదటి మకాం, గుశైణి వైపు ఐదు రాత్రులు

మొదటి రోజు ఏమీ చేయకండి. నిజంగా ఏమీ వద్దు. నది చప్పుడు వింటూ పడుకోవడం, ఊళ్లో కాసేపు తిరగడం, అంతే. పిల్లలకు అక్కడి చెట్లు చూపించండి. దేవదారు, అక్రోటు, ఆపిల్. మే నెలలో ఆపిల్ కాయలు గోలీలంత పచ్చగా ఉంటాయి, పండేది జూలై తర్వాతే. ముందే చెప్పకపోతే కోసుకు తింటామని బయల్దేరిన పిల్లలు డీలా పడతారు. అప్పటికి చెర్రీలు, ఖుబానీలు మాత్రం రావడం మొదలవుతుంది.

దారి పక్కన రంపపు అంచుల ఆకులతో ఒక మొక్క ఉంటుంది. అక్కడివాళ్లు బిచ్ఛూ బూటీ అంటారు, అంటే తేలు మొక్క. తగిలితే మన దురదగొండి లాగే మండిపోతుంది. మొదటి రోజే ఇంటివాళ్లను అడిగి పిల్లలకు చూపించండి. పూర్తి ప్యాంటు వేసుకుంటే చాలావరకు బాధ ఉండదు.

రెండో రోజు చోయీ జలపాతం. నాగిని, గుశైణి మధ్య రోడ్డు మీంచి పల్లెల గుండా ఎక్కాలి. దూరం తక్కువే కానీ ఎక్కుడు. అందరి కాళ్లూ ఎలా ఉన్నాయో ఈ రోజు తెలిసిపోతుంది. మధ్యాహ్నానికి తిరిగొచ్చేయండి.

మూడో రోజు అసలు నడక. గుశైణి నుంచి నది వెంట పార్కు గేటు వైపు. గేటు దాటాక కాస్త దూరంలో రోలా అనే మజిలీ. మొత్తం ఒక వైపు 9, 10 కి.మీ. ఉంటుంది కాబట్టి చిన్నపిల్లలున్న ఇంటికి రోలా దాకా వెళ్లి అదే రోజు రావడం ఎక్కువే. మేం సగం దారిలో నది ఒడ్డున కూర్చుని భోంచేసి వెనక్కి తిరిగాం. ఎవరూ ఓడిపోలేదు. పార్కు లోపలికి వెళ్లాలంటే సాయి రోపాలోని పార్కు కార్యాలయంలో పర్మిట్ తీసుకోవాలి, గుర్తింపు కార్డుల జెరాక్సులు దగ్గర ఉంచుకోండి. స్థానిక గైడ్‌ను తప్పకుండా పెట్టుకోండి. మాకు దొరికిన అతను ఎలుగుబంటి గోళ్లతో గీరిన చెట్టు చూపించాడు. హిమాచల్ రాష్ట్ర పక్షి జుజురానా ఈ అడవుల్లోనే ఉంటుందనీ, తాను కూడా అరుదుగానే చూశాననీ చెప్పాడు. మా అమ్మాయి దారంతా గుసగుసగా మాట్లాడింది, పక్షి ఎగిరిపోతుందేమోనని.

నాలుగో రోజు విశ్రాంతి. ఉతికిన బట్టలు ఆరేసుకోవడం, పిల్లలు నోటు పుస్తకంలో బొమ్మలు వేయడం, వంటింట్లో కూర్చుని సిడ్డూ ఎలా చేస్తారో చూడటం. గోధుమ పిండిని పులియబెట్టి, లోపల అక్రోటు లేదా గసగసాల ముద్ద పెట్టి ఆవిరి మీద ఉడికిస్తారు, పైన నెయ్యి పోసి తింటారు. అత్తయ్య దాన్ని కుడుములకు చుట్టమంది. ఆ ఇంటావిడకు తెలుగు రాదు, అత్తయ్యకు హిందీ రాదు, ఇద్దరూ రెండు గంటలు వంట గురించే మాట్లాడుకున్నారు.

ఐదో రోజు చెహ్ని కోఠీ. ఈ లోయకు వెళ్లే తెలుగువాళ్లందరికీ నేను దీన్ని ప్రత్యేకంగా చెబుతాను. బంజార్ పక్కన బగ్గీలో శృంగ ఋషి గుడి ఉంది. మన రామాయణంలో దశరథుడి చేత పుత్రకామేష్టి చేయించిన ఋష్యశృంగుడే ఆయన. బంజార్ లోయకు పెద్ద దేవుడు. వెళ్లే దారిలో అత్తయ్య పిల్లలకు బాలకాండ కథ చెప్పింది. గుడి కనపడగానే మావాడు "పాయసం ఇచ్చిన దేవుడి గుడేనా" అన్నాడు. పాయసం ఇచ్చింది యజ్ఞపురుషుడని వాళ్లక్క సరిదిద్దింది. ఆ పైన చెహ్ని ఊళ్లో రాయి, దేవదారు దుంగలు ఒకదాని మీద ఒకటి పేర్చి సున్నం లేకుండా కట్టిన ఎత్తైన బురుజు ఉంది. 1905 కాంగ్రా భూకంపంలో పై అంతస్తులు పోయినా మిగతాది నిలబడింది. ఆ కట్టుబడిని కాఠ్ కుణీ అంటారు. భూమి కదిలినప్పుడు చెక్క కొంచెం కదిలి సర్దుకుంటుంది. పెద్ద తరగతి పిల్లలకు ఇంతకంటే మంచి సైన్సు పాఠం లేదు. అక్కడ గుళ్లను, దేవుడి ఇళ్లను అడగకుండా తాకకూడదు. తోలు బెల్టులు, చెప్పుల విషయంలో పట్టింపులు ఎక్కువ. బయటే నిలబడి ఎవరినైనా అడిగి ముందుకు వెళ్లండి.

రెండో మకాం: జిభి, మూడు రాత్రులు

ఆరో రోజు జిభికి మారండి. బంజార్ నుంచి పది కి.మీ. లోపే. ఆ సాయంత్రం ఊరి పక్కనున్న జలపాతం చూస్తే చాలు.

ఏడో రోజు జలోరి, సెరోల్‌సర్ సరస్సు. పది రోజుల్లోకీ మాకు ఇష్టమైన రోజు ఇదే. పొద్దున ఏడింటికల్లా కనుమ మీద ఉండాలి. కాళీమాత గుడి పక్కనుంచి దారి మొదలవుతుంది. సరస్సుకు 5 కి.మీ., దాదాపు సమంగా, ఓక్ చెట్ల నీడలో సాగుతుంది. పైన చెప్పిన లెక్క ప్రకారం మాకు రెండున్నర గంటలు పట్టాలి, అంతే పట్టింది. మధ్యలో ఒకచోట చెట్ల నీడన మిగిలిన మంచు ముద్ద కనపడింది. మే చివర్లో మంచు! విజయవాడ పిల్లలు అక్కడే ఇరవై నిమిషాలు ఆగిపోయారు. తొందరపెట్టకండి, ఆ ఇరవై నిమిషాల కోసమే కదా ఇంత దూరం వచ్చింది.

సరస్సు చిన్నది, నీళ్లు నిశ్చలం. ఒడ్డున బూఢీ నాగిన్ అమ్మవారి గుడి. నీళ్ల మీద ఆకు పడితే ఆభీ అనే చిన్న పక్షి వచ్చి తీసేస్తుందని అక్కడివాళ్లు చెబుతారు. భక్తులు అమ్మవారికి నెయ్యి సమర్పిస్తారు. అత్తయ్య మన సంచిలోని నెయ్యి సీసా తీసి కొంచెం ఇచ్చింది. తర్వాత సరస్సు చుట్టూ ప్రదక్షిణ చేసింది. నీళ్లలో దిగడం, కాళ్లు కడగడం అక్కడ చేయకూడదు. చిక్కీ కాగితం ఒక్కటి కూడా వదలకుండా సంచిలో వేసుకుని తెచ్చుకోండి.

కనుమ మీద ధాబాల్లో అన్నం, పప్పు దొరుకుతాయి. 3,000 మీటర్ల ఎత్తులో నీళ్లు 90 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అందుకే కుక్కర్ లేకుండా పప్పు ఉడకదు. మా అమ్మాయికి ఏడో తరగతి పుస్తకంలో అర్థం కానిది అక్కడ ఒక పప్పు గిన్నె ముందు అర్థమైంది.

ఎనిమిదో రోజు ఎవరికి ఓపిక ఉంటే వాళ్లు జలోరికి రెండో పక్కనున్న రఘుపూర్ కోటకు వెళ్లండి. మూడు కి.మీ.యే కానీ నిటారుగా ఉంటుంది. పైన పచ్చిక బయలు, శిథిలమైన గోడలు, దూరాన మంచు కొండల వరుస. మేం రెండు జట్లుగా విడిపోయాం. అమ్మాయి వాళ్ల నాన్నతో పైకి, నేను, అబ్బాయి, అత్తయ్య జిభిలో వాగు పక్కన. అందరూ అన్నీ చూడాలనే పట్టుదల పెట్టుకోకపోవడం వల్ల ఆ రోజు ఎవరూ అలసిపోలేదు.

మనాలి చూడలేదని బంధువులు అడుగుతారు. ఒక రోజు మిగిలితే మనాలికి కాక నగ్గర్‌కు వెళ్లండి. పాత రాజుల కోట, పక్కనే రష్యన్ చిత్రకారుడు నికొలాయ్ రోరిక్ ఇల్లు ఉన్నాయి. ఆయన 1928 నుంచి 1947లో చనిపోయేదాకా అక్కడే ఉన్నారు. ఆయన కోడలు నటి దేవికారాణి పుట్టింది మన విశాఖ వాల్తేరులో. ఆ ఇంట్లో ఆమె ఫొటో ముందు నిలబడి ఆ మాట చెబితే పిల్లలకు ఆ కొండ కాస్త దగ్గరవుతుంది.

నది విషయంలో ఒక్క సడలింపు కూడా ఇవ్వకండి

2014 జూన్ 8న హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులు మండీ జిల్లా థలౌట్ దగ్గర బియాస్ నదిలోకి దిగి ఫొటోలు తీసుకుంటున్నారు. ఎగువన లార్జీ ప్రాజెక్టు నుంచి నీళ్లు వదిలారు. 24 మంది పిల్లలు కొట్టుకుపోయారు. మండీ నుంచి ఔట్ వచ్చే దారిలోనే ఆ చోటు. తీర్థన్ నీళ్లు బియాస్‌లో కలిసేదీ లార్జీ దగ్గరే. నేను ప్రతిసారీ అక్కడ కారు ఆపించి పిల్లలకు ఆ సంగతి చెబుతాను. భయపెట్టడానికి కాదు, ఆ పిల్లలు మన ఊళ్ల పిల్లలు కాబట్టి.

మా ఇంటి నియమాలు ఇవి. డ్యామ్‌కు దిగువన ఎక్కడా నదిలోకి దిగం, నీళ్లు ఎంత తక్కువున్నా సరే. పై లోయలో కూడా చీలమండ దాటి దిగం. పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ ఒక పెద్దవాళ్లు వాళ్లకు దిగువన నిలబడాలి, చేతిలో ఫోను ఉండకూడదు. మధ్యాహ్నం తర్వాత అసలు దిగం, పగటి ఎండకు పైన మంచు కరిగి సాయంత్రానికి నీళ్లు పెరుగుతాయి. నీళ్లు ఉన్నట్టుండి బురద రంగుకు మారినా, కొమ్మలూ ఆకులూ కొట్టుకొస్తున్నా వెంటనే గట్టెక్కాలి. సెల్ఫీ కోసం తడి బండల మీద ఎక్కనివ్వం. ఈ ఆరింటి మీద పిల్లలతో బేరం లేదు.

ఎత్తు, ఉరుము, అలసట

ఈ లోయలో ఎత్తు సమస్య తక్కువే, కానీ జలోరి రోజు గమనిస్తూ ఉండండి. పెద్దవాళ్లు తలనొప్పి అని చెబుతారు. చిన్నపిల్లలు చెప్పలేరు. ఆడటం మానేసి, తిండి వద్దని, ఊరికే ఏడుస్తూ ఉంటే అది ఎత్తు వల్ల అనుకుని వెంటనే కిందికి దిగండి. ఐదారు వందల మీటర్లు దిగితే చాలావరకు తేరుకుంటారు. మాత్ర వేసి పైకి నడిపించడం మాత్రం ఎప్పుడూ చేయకండి. రెండోసారి వెళ్లినప్పుడు మావాడు కనుమ మీద దిగగానే నీరసపడ్డాడు. సరస్సు మానేసి శోజాకు దిగిపోయాం. గంటలో వాడే పరోటా అడిగి తిన్నాడు. సరస్సుకు రెండు రోజుల తర్వాత వెళ్లాం. ఒకే ఊళ్లో మకాం వేస్తే ఇలా రోజును మార్చుకునే వీలుంటుంది, ప్యాకేజీలో ఉండదు.

మధ్యాహ్నం మబ్బులు కమ్ముకోవడం అక్కడ మామూలే. రెండింటికల్లా కిందికి వచ్చేసేలా నడక పెట్టుకోండి. ఉరుము వినపడితే గట్టు మీంచి, ఒంటరి చెట్టు కింద నుంచి తప్పుకుని పల్లానికి దిగాలి. కాలికి ఎక్కడైనా వేడిగా, రాసుకున్నట్టు అనిపించిన వెంటనే ఆగి టేపు వేయాలి. బొబ్బ వచ్చాక వేస్తే లాభం లేదు. ఈ మాట పిల్లలకు పదిసార్లు చెప్పండి, లేకపోతే షూ విప్పాల్సి వస్తుందని దాచిపెడతారు.

తిరుగు ప్రయాణం

వెళ్లిన దారినే చండీగఢ్ దాకా పగలు టాక్సీలో దిగండి. పొద్దున త్వరగా బయల్దేరి, రైలుకు కనీసం నాలుగు గంటలు చేతిలో ఉంచుకోండి. కొండ దారిలో ఒక చరియ పడితే రెండు గంటలు ఆగాల్సి రావచ్చు. వీలైతే ఆ రాత్రి చండీగఢ్‌లోనే ఉండి మరుసటి రోజు రైలెక్కడం ఇంకా నయం.

బడి తెరిచే ముందు కనీసం మూడు రోజులు ఇంట్లో ఉండేలా చూసుకోండి. పదహారు డిగ్రీల నుంచి నలభై రెండు డిగ్రీలకు వచ్చిన ఒంటికి ఆ మూడు రోజులు కావాలి. ఎండలో తిప్పకుండా మజ్జిగ, నీళ్లు బాగా తాగించండి. షూల బురద కడిగి నీడలో ఆరబెట్టి, లోపల పాత పేపర్లు కుక్కి పెట్టండి. పిల్లల కాళ్లు ఏడాదిలో ఒక సైజు పెరుగుతాయి కాబట్టి మా అమ్మాయివి ఈసారి తమ్ముడికి సరిపోతాయేమో మార్చిలో చూడాలి.